ఇంట్లో రెండో గొంతు

(విశాఖపట్నంలో నటన, పాట, డబ్బింగ్ రంగాల్లోకి రావాలనుకునే యువతీ యువకులకీ, వాళ్ల ఇంటివాళ్లకీ చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న తల్లిదండ్రులకి ప్రత్యేకంగా నమస్కారం. ఈ మాటల్లో సగం మీకోసమే.

రెండు రాగాలతో మొదలుపెడతాను. మన సినిమా సంగీతంలో ఒకే ఇంటి అన్నదమ్ములిద్దరున్నారు. అన్నగారు ఎం.ఎం. కీరవాణి, తమ్ముడు కల్యాణీ మాలిక్. ఇద్దరివీ రాగాల పేర్లే. కీరవాణి 21వ మేళకర్త, అంటే ఏడు స్వరాలూ ఉన్న మూలరాగం, కల్యాణి 65వది. హార్మోనియం దగ్గర కూర్చుని రెండూ వాయించి చూడండి. షడ్జమం, చతుశ్రుతి రిషభం, పంచమం, కాకలి నిషాదం రెండింటిలోనూ ఒకటే. తేడా అంతా మూడు స్వరాల్లో ఉంది. కీరవాణిలో సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం. కల్యాణిలో అంతర గాంధారం, ప్రతి మధ్యమం, చతుశ్రుతి ధైవతం. ఆ మూడు మెట్లు మారితే చాలు, పాట వింటున్నవాడు ఒకదాన్ని చూసి ఇంకోటని పొరబడడు.

పేరున్నవాళ్ల తమ్ముడిగా, చెల్లిగా పుట్టినవాళ్ల సంగతీ ఇంతే. స రి ప ని ఇంటినుంచే వస్తాయి. ముఖం, గొంతు, మాటతీరు, తెలిసినవాళ్లు, స్టూడియో గేటు దగ్గర ఆపకపోవడం, ఇవన్నీ ఆ నాలుగు స్వరాలే. వాటిని కాదనుకోనక్కర్లేదు, సిగ్గుపడనూ అక్కర్లేదు. కానీ గ మ ద మాత్రం ఎవరికి వాళ్లు వెతుక్కోవాలి. అవి ఎలా వెతకాలన్నదే ఇవాళ్టి విషయం.

కల్యాణీ మాలిక్ గారు ఏం చేశారో చూడండి. 2003లో ‘ఐతే’, 2008లో ‘అష్టా చమ్మా’, 2014లో ‘ఊహలు గుసగుసలాడే’. పెద్ద యుద్ధాలు, వందమంది కోరస్ ఉన్న సినిమాలు కావు. మాటల మీద నడిచే చిన్న సినిమాలు. అన్నగారు నిలబడిన చోట నిలబడలేదు. పక్కన ఖాళీగా ఉన్న చోటు చూసుకుని అక్కడ నిలబడ్డారు.

చాలామంది అనుకునేది ఒకటుంది, పేరున్న ఇంట్లో చిన్నవాళ్లకి కష్టమంతా తెరమీదికొచ్చాక మొదలవుతుందని. కాదండీ. అంతకుముందే, ప్రేక్షకుడి చెవిలో మొదలవుతుంది. ఆ చెవిలో పెద్దవాళ్ల గొంతు ముందే కూర్చుని ఉంటుంది. మీరు నోరు తెరవగానే వాడికి అన్న వినబడతాడు. అన్న వినబడితే పోలిక మొదలవుతుంది. పదేళ్లు పని చేసినవాడికీ పది రోజులు పని చేసినవాడికీ మధ్య పోలికలో ఎవరు ఓడతారో చెప్పక్కర్లేదు కదా. అందుకే మొదట గొంతు గురించి మాట్లాడతాను. ఎక్కువసేపే మాట్లాడతాను.

ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష ఒకటి చెబుతాను. దినపత్రికలోంచి ఒక వార్త తీసుకోండి, అరవై డెబ్భై మాటలుండాలి. గదిలో ఫ్యాను ఆపండి. ఫోన్ నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకి పెట్టండి. నోటికి ఎదురుగా పెడితే ప, బ, భ దగ్గర గాలి కొట్టి పాడవుతుంది. ముందు చిన్నవాళ్లు చదవాలి, తర్వాత పెద్దవాళ్లు. ఈ వరస తప్పకూడదు. పెద్దవాళ్లు చదివింది విన్నాక చిన్నవాళ్లు తెలియకుండానే ఆ బాణీలోకి వెళ్లిపోతారు. తర్వాత ఇంటికి సంబంధం లేని, కానీ పెద్దవాళ్ల గొంతు ఎరిగిన పదిమందికి చిన్నవాళ్ల రికార్డింగ్ ఒక్కటే పంపండి. ఎవరి గొంతని అడగండి, అంతే. పదిమందిలో ఆరేడుగురు పెద్దవాళ్ల పేరు చెప్పారంటే పని ఉందన్నమాట.

ఏ పని? ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. గొంతు మార్చడానికి ప్రయత్నిస్తారు. లావుగా మాట్లాడటం, ముక్కుతో మాట్లాడటం, గొంతు బిగించి బొంగురు తెప్పించుకోవడం. రెండు వారాల్లో గొంతు పట్టేస్తుంది. గొంతు ఎముకా కండా, దాన్ని మీరు మార్చలేరు. ఇంట్లో ఒకరినుంచి ఒకరికి అంటుకునేది ముఖ్యంగా మాట నడక. వాక్యం ఎక్కడ ఎత్తుకుంటాం, ఎక్కడ దించుతాం, చివర్లో క్రియని సాగదీస్తామా తుంచేస్తామా, ఎక్కడ ఊపిరి తీసుకుంటాం. తెలుగులో వాక్యం క్రియతో ముగుస్తుంది కాబట్టి మనిషి ముద్ర అంతా చివరి మాటమీదే పడుతుంది. ‘వెళ్లాను’ అన్న మాటని అన్నయ్య ‘వెళ్లా...ను’ అని జార్చి పలికితే తమ్ముడూ జార్చి పలుకుతాడు. రికార్డింగ్‌లో వాక్యాల చివరి మాటలు మాత్రమే వరసగా వినండి. తొంభై పాళ్లు తేడా చెయ్యాల్సిన చోటు అక్కడే దొరుకుతుంది. రోజుకి ఇరవై నిమిషాలు, ఆరు వారాలు, అదే పేరాని చివరి మాట పూర్తిగా పలికి ఆపుతూ చదవండి. తర్వాత వేగం. నిమిషానికి ఎన్ని మాటలు చదువుతున్నారో లెక్కపెట్టి, పెద్దవాళ్ల కంటే పది పదిహేను మాటలు తగ్గించో పెంచో చూడండి. మళ్లీ పదిమందికి పంపండి. ఈసారి కొత్త పదిమందికి.

పాట పాడేవాళ్లకి ఇదే విషయం శ్రుతి రూపంలో వస్తుంది. శ్రుతి అంటే పాటకి ఆధారంగా పెట్టుకునే షడ్జమం ఎత్తు, అంకె పెరిగేకొద్దీ పైకి వెళ్తుంది. అక్క ఐదున్నర శ్రుతిలో పాడుతుంది కాబట్టి చెల్లికీ తంబురా పెట్టె ఐదున్నరకే పెడతారు. ఇద్దరూ ఒకే గురువుగారి దగ్గర ఒకే గదిలో నేర్చుకుంటారు కదా. చెల్లి గొంతు నిజానికి ఐదుకి సరిపోయేది కావచ్చు. అలా ఐదేళ్లు పైకి లాగి పాడితే తారస్థాయిలో గొంతు సన్నబడి, అక్కకి నకలులా తయారవుతుంది, అదీ కొంచెం బలహీనమైన నకలు. పరీక్ష సులువే. మంద్రంలో, అంటే కింది స్థాయిలో పంచమం, తారంలో, అంటే పై స్థాయిలో పంచమం, రెండూ మెడ నరాలు లేవకుండా అందే శ్రుతి ఏదో అదే ఆ అమ్మాయిది. అక్కతో కలిపి పాడించే కచేరీలుంటే ఉండనివ్వండి. సాధన మాత్రం ఎవరి శ్రుతిలో వాళ్లది.

ఆశా భోంస్లే గారి జీవితం ఇందుకు పాఠం లాంటిది. లతా మంగేష్కర్ 1929లో పుట్టారు, ఆశా 1933లో. ఒకే ఇల్లు, ఒకే తండ్రి దగ్గర మొదటి పాఠాలు. లతగారు పాడని సంగీత దర్శకుడు ఓ.పీ. నయ్యర్. ఆయన దగ్గర ఆశాగారు 1957లో ‘నయా దౌర్’కి పాడాక దారి తెరుచుకుంది. అక్క లేని చోటు అది. తర్వాత 1981లో ‘ఉమ్రావ్ జాన్’. సంగీత దర్శకుడు ఖయ్యాం గారు ఆమె మామూలుగా పాడే శ్రుతి కంటే కిందికి దించి పాడించారు. ఆ కింది స్థాయిలో గొంతుకి వచ్చిన బరువే ఆ గజళ్లకి ప్రాణం. మొదటి జాతీయ అవార్డు కూడా ఆ సినిమాకే వచ్చింది. శ్రుతి దించడం అనే చిన్న సాంకేతిక నిర్ణయం ఎంత పని చేసిందో చూడండి. మన తెలుగుకి వస్తే, 1955లో ‘సంతానం’లో లతగారు పాడిన పాట ‘నిదురపోరా తమ్ముడా’. తమ్ముడికి అక్క జోల. ఆ పాట తెలియని తెలుగిల్లు ఉండదు. పాటలో సరే కానీ, పరిశ్రమలో మాత్రం తమ్ముడు నిద్రపోకూడదు.

మనకి దగ్గరగా ఎస్.పీ. శైలజ గారున్నారు. బాలుగారి చెల్లెలు. అన్నగారు మహావృక్షం. ఆవిడ పాట ఒక్కటే పట్టుకుని కూర్చోలేదు. నాట్యం నేర్చుకున్నారు, 1983లో ‘సాగర సంగమం’లో తెరమీద నాట్యం చేశారు, డబ్బింగ్ చెప్పారు. నాకు ఆవిడ దారి చాలా గౌరవంగా అనిపిస్తుంది. చెల్లెలు అన్న మాట ఆవిడ పేరుకి ముందు ఎంత ప్రేమగా నిలిచిందో, పని అంత సొంతంగా నిలిచింది.

డబ్బింగ్ అన్నాను కాబట్టి ఇంకొకటి. సూర్య, కార్తి అన్నదమ్ములు. తెలుగులో సూర్య గారి చాలా సినిమాలకి గొంతిచ్చినది డబ్బింగ్ కళాకారుడు శ్రీనివాసమూర్తి గారు. కార్తి తెలుగు నేర్చుకుని, 2016లో ‘ఊపిరి’కి తన గొంతే వాడారు. తెలుగు ప్రేక్షకుడికి ఆ ఒక్క పనితో తమ్ముడు వేరే మనిషయ్యాడు, పైగా మనవాడయ్యాడు. ఆయన నేరుగా హీరోగా రాలేదు కూడా. అమెరికాలో ఇంజినీరింగ్ చదివి, మణిరత్నం దగ్గర సహాయ దర్శకుడిగా చేసి, 2007లో ‘పరుత్తివీరన్’తో వచ్చారు. పల్లెటూరి మొరటు కుర్రాడి పాత్ర. అన్న పేరు మీద వచ్చే మొదటి సినిమాకి ఎవరూ ఎంచుకునే పాత్ర కాదది.

డబ్బింగ్ థియేటర్‌లో ఒక జాగ్రత్త. చిన్నవాళ్లు మొదటి సినిమాకి డబ్బింగ్ చెబుతుంటే పెద్దవాళ్లు ప్రేమకొద్దీ వచ్చి అద్దం అవతల ఇంజినీరు పక్కన కూర్చుంటారు. దయచేసి కూర్చోవద్దు. అద్దంలో మీ ముఖం కనబడితే ప్రతి టేకు తర్వాత వాళ్లు దర్శకుడి వైపు చూడరు, మీ వైపు చూస్తారు. మూడో రీలుకి వచ్చేసరికి మీరు పలికినట్టు పలుకుతుంటారు. ఒకసారి ఆ బాణీ ఎక్కాక మొదటి రెండు రీళ్లకీ మిగతావాటికీ పొంతన కుదరక మళ్లీ చెప్పించాల్సి వస్తుంది. థియేటర్ అద్దె, కాల్‌షీటు రెండూ దండగ.

ఇక శిక్షణ. ఈ ఊళ్లో ఉండి శిక్షణ ఎక్కడని అడగనక్కర్లేదు. చిరంజీవి గారి తమ్ముడు పవన్ కళ్యాణ్ గారు నటన నేర్చుకున్నది మన విశాఖలోనే, సత్యానంద్ మాస్టారి దగ్గర. ప్రభాస్ గారూ ఇక్కడే. మద్రాసు, హైదరాబాదు వదిలి ఇక్కడికి ఎందుకు పంపి ఉంటారు? నా ఉద్దేశంలో ఇందులో గొప్ప వివేకం ఉంది. పరిశ్రమ ఉన్న ఊళ్లో చిన్నవాడు తప్పు చేస్తే సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. ఇక్కడ నలుగురి మధ్య పాడుచేసుకుని, బాగుచేసుకునే వీలుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల విభాగం ఉంది. నాటక సమాజాలున్నాయి. పోటీల్లో ఆడే పరిషత్తు నాటికలో మైకుమీద ఆధారపడకుండా చివరి వరసకి మాట చేర్చడం ఆరు నెలలు చేస్తే ల, ళ తేడా, న, ణ తేడా, శ, ష, స తేడా నాలుక మీద స్థిరపడతాయి. కెమెరా ముందుకెళ్లాక ఆ పని ఎవరూ చేయించరు.

ఆ శిక్షణ కూడా బిడియాన్ని పూర్తిగా తీసెయ్యదు. ‘సుస్వాగతం’ షూటింగ్‌లో మన జగదాంబ సెంటర్లో బస్సెక్కి డాన్సు చెయ్యమంటే ఎంత ఇబ్బంది పడ్డారో పవన్ కళ్యాణ్ గారే వేదిక మీద చెప్పారు. ఆయన మొదటి సినిమా ‘అక్కడ అమ్మాయి ఇక్కడ అబ్బాయి’ 1996లో వచ్చింది. అన్నగారి బలం డాన్సు. తమ్ముడు దానితో పోటీకి దిగలేదు, తాను నేర్చుకున్న కరాటేని తెచ్చుకున్నారు. 1998లో ‘తొలిప్రేమ’లో మనసులో మాట చెప్పలేని కుర్రాడి నెమ్మదిని తెచ్చుకున్నారు. 1999లో వచ్చిన సినిమా పేరు ‘తమ్ముడు’. జనం పిలిచే పిలుపునే పేరుగా పెట్టుకునే ధైర్యం మూడేళ్లకి వచ్చింది. మొదటి సినిమాకే ఆ పేరు పెట్టి ఉంటే ఎలా ఉండేదో ఊహించండి.

మొదటి కథ ఎంపికలో ఈమధ్య నాకు బాగా నచ్చినవి రెండు. విజయ్ దేవరకొండ గారి తమ్ముడు ఆనంద్. గొంతు అన్నగారికి దగ్గరని సమీక్షకులు ఎన్నోసార్లు రాశారు. 2019లో ‘దొరసాని’, 2020లో ‘మిడిల్ క్లాస్ మెలొడీస్’. రెండోది గుంటూరు కథ. హోటల్ పెట్టాలనుకునే కుర్రాడు, బొంబాయి చట్నీ, తండ్రితో గొడవ. అన్నగారి ‘అర్జున్ రెడ్డి’ కోపం ఆ పాత్రలోకి దూరడానికి సందే లేదు. పాత్రే గొంతుని కాపాడింది. 2023లో ‘బేబి’ వచ్చేసరికి జనం ఆనంద్‌ని ఆనంద్‌గా చూశారు. రెండోది వైష్ణవ్ తేజ్, సాయి తేజ్ గారి తమ్ముడు. ‘ఉప్పెన’ 2020 ఏప్రిల్‌లో రావాల్సింది, కోవిడ్ వల్ల 2021 ఫిబ్రవరిదాకా ఆగింది. ‘నీ కన్ను నీలి సముద్రం’ పాట మాత్రం ముందే బయటికొచ్చి ఏడాదిపాటు జనం నోట్లో నానింది. హీరో ఎవరి తమ్ముడని అడిగేలోపే పాట ఇంట్లోకి వచ్చేసింది. మన కాకినాడ, ఉప్పాడ సముద్రతీరపు జాలరి కుర్రాడి కథ, దర్శకుడికీ మొదటి సినిమా. ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. తర్వాతి సినిమాలు ఆ స్థాయిలో ఆడలేదన్నదీ నిజమే. మొదటి సినిమాకి పడిన శ్రద్ధ ప్రతి కథకీ పడాలి.

ఇప్పుడు డబ్బు లెక్క. దీన్ని ఎవరూ చిన్నవాళ్లకి చెప్పరు, అందుకే నిదానంగా చెబుతాను. తెలుగు సినిమా నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ఏరియాలవారీగా అమ్ముడవుతుంది. మన ఉత్తరాంధ్ర ఒక్కటే తీసుకుందాం. ఇవి లెక్క అర్థం కావడానికి నేను అనుకున్న అంకెలు. కొత్త హీరో సినిమాగా 60 లక్షలు పలకాల్సింది, అన్న పేరు వల్ల కోటిన్నర పలికింది. శుక్రవారం అన్న అభిమానులొచ్చారు, 30 లక్షల షేర్, అంటే ఏరియాకి సినిమా కొన్న బయ్యర్‌కి టికెట్ల డబ్బులో వచ్చే వాటా. శని, ఆదివారాలు కలిపి 40. సోమవారం అభిమానులు వాళ్ల పనుల్లోకి వెళ్లారు, 5 లక్షలు. వారం ముగిసేసరికి 85 లక్షలు. 60కి కొన్న బయ్యర్‌కి ఇది 25 లక్షల లాభం, పోస్టర్ మీద సూపర్ హిట్. కోటిన్నరకి కొన్న బయ్యర్‌కి 65 లక్షల నష్టం, ఊరంతా ఫ్లాప్. అదే సినిమా, అదే జనం, అవే టికెట్లు. మారింది అమ్మిన ధర ఒక్కటే. రెండో సినిమాకి నిర్మాతలు వెనక్కి తగ్గేది నటన చూసి కాదు, ఆ బయ్యర్ ఫోన్ చూసి. కాబట్టి ఇంటిపెద్దలు చెయ్యగలిగిన అసలు సాయం సిఫార్సు కాదు. మొదటి సినిమా బడ్జెట్, అమ్మకం ధర కొత్తవాడి స్థాయిలోనే ఉండేలా నిర్మాతతో కూర్చుని మాట్లాడటం. పెద్దవాళ్ల మాట నిర్మాత వింటాడు. ఆ మాటని ఇందుకు వాడండి.

ఒప్పందం విషయంలో నాలుగు మాటలు. మూడు సినిమాల ఒప్పందం అడిగితే గడువు రాయించండి. ఏడాదిన్నరలో రెండోది మొదలవకపోతే ఒప్పందం దానంతటదే రద్దవ్వాలి. లేకపోతే బయట మంచి కథ వచ్చినా కట్టేసినట్టుంటుంది. పోస్టర్లలో, టైటిల్ కార్డులో పెద్దవాళ్ల పేరుగానీ ఫొటోగానీ వాడాలంటే ఇద్దరి రాతపూర్వక అనుమతి ఉండాలి. మీ అనుమతి లేకుండా వేరేవాళ్లతో డబ్బింగ్ చెప్పించకూడదని రాయించండి. పారితోషికం చివరి వాయిదా డబ్బింగ్‌కి ముందే తీసుకోవాలి. డబ్బింగ్ అయ్యాక మీ చేతిలో ఏమీ ఉండదు. మనవాళ్లే కదా అని ఇంటి బ్యానర్‌లో కాగితం రాసుకోకపోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. డబ్బులిచ్చేటప్పుడు పది శాతం టీడీఎస్, అంటే ముందే కోసే ఆదాయపు పన్ను, పట్టుకుంటారు, అది మీ పాన్ నంబరులో జమపడిందో లేదో చూసుకోండి. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి.

పేరు. ఇంటిపేరు ఉంచుకోవాలా వద్దా అన్నది ఎవరిష్టం వాళ్లది. కానీ ఒకసారి నిర్ణయించుకున్నాక అక్షరం మారకూడదు. యూట్యూబులో, ఇన్‌స్టాగ్రామ్‌లో, టైటిల్ కార్డులో, ఒక్క బ్యాంకులో తప్ప అన్నిచోట్లా అదే స్పెల్లింగు. ట్రేడ్‌మార్క్ తీసుకోవాలంటే వినోద సేవలు 41వ తరగతిలో వస్తాయి. వ్యక్తిగతంగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు రుసుము ఒక తరగతికి 4,500 రూపాయలు, నమోదు పదేళ్లు చెల్లుతుంది. పెద్దవాళ్లు అదే ఇంటిపేరుతో ముందే నమోదు చేయించి ఉంటే పోలిక ఉందని అభ్యంతరం రావచ్చు. వాళ్ల అంగీకారపత్రం దగ్గర పెట్టుకుని దరఖాస్తు చెయ్యండి.

ప్రచారం గురించి క్లుప్తంగా. ప్రీ రిలీజ్ వేడుకకి పెద్దవాళ్లు రావడం సహజం. చివర్లో రావద్దు, మొదట్లో రండి. మూడు నిమిషాలు మాట్లాడి కిందికి దిగి కూర్చోండి. చివర్లో వస్తే అంతవరకూ ఎవరు మాట్లాడినా అభిమానులు మీ పేరే అరుస్తారు. చిన్నవాళ్లు మైకు పట్టుకునేసరికి సగం హాలు లేచిపోతుంది.

సమయం ఉంది, ఒక ప్రశ్న తీసుకుంటాను. అమ్మా, మీరు చెప్పండి.

(సభలో ఒక తల్లి: మా పెద్దమ్మాయి సీరియళ్లలో చేస్తోందండీ. చిన్నది అచ్చం అక్కలాగే ఉంటుంది, మాట కూడా అంతే. మూడు ఆడిషన్లకి వెళ్తే అక్కని చూసినట్టే ఉందని పంపేశారు. ఏం చెయ్యమంటారు?)

మంచి ప్రశ్నమ్మా. ముందుగా, ఆ మాట అన్నవాళ్లు అమ్మాయికి నటన రాదనలేదు. అది గుర్తుంచుకోండి. ఆడిషన్ వీడియోలు ఎలా తీస్తున్నారు? అక్కే తీస్తోందా? అదే వద్దు. స్నేహితురాలి చేత తీయించండి. ఫోన్ అడ్డంగా పెట్టాలి, వెనక రంగు లేని గోడ, వెలుతురు ముఖానికి ఎదురుగా. పేరు, వయసు, ఎత్తు, ఊరు, పదిహేను సెకన్లలో అయిపోవాలి. అందులో అక్క మాట రాకూడదు. ఎడమ పక్క, కుడి పక్క ముఖం చూపించాలి. తర్వాత ఒక్కోటీ నిమిషానికి మించని రెండు సన్నివేశాలు. రెండూ అక్క సీరియల్‌లో ఎప్పుడూ చెయ్యనివే ఉండాలి. అక్క ఏడిస్తే ఈ అమ్మాయి నవ్వించాలి. మీ ఇంట్లో మాట్లాడేది మన ఉత్తరాంధ్ర యాసే కదా? ఒక సన్నివేశం ఆ యాసలోనే చెయ్యమనండి. సీరియళ్లలో పెద్దమ్మాయి పుస్తకపు తెలుగు మాట్లాడుతూ ఉంటుంది, ఇద్దరికీ తేడా అక్కడే వచ్చేస్తుంది. తల పాపిడి, బట్టల రంగు కూడా అక్క పాత్రకి దూరంగా ఉండనివ్వండి. చిన్నప్పటి అక్కగా చెయ్యమని అడిగితే ఒక్కసారికి ఒప్పుకోండి, రెండోసారి వద్దు. రెండోసారి చేస్తే అందరూ ఆ పనికే పిలుస్తారు.

ఇందాక చెప్పిన రికార్డింగ్ పరీక్ష రేపు పొద్దున్నే చేయించండి. అక్క నిద్ర లేవకముందే.